ఆది జాకెట్టు అడగండి

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక విజయవాడ పటమటలో ఉంటున్నాను. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. నా చిన్నతనంలోనే నాన్న పోయారు. కొత్తపేటలో మా అద్దె ఇంటి వరండాలో మిషను పెట్టుకుని, వీధిలో అందరి జాకెట్లూ కుట్టి, అమ్మే అన్నయ్యనూ నన్నూ చదివించింది. కంటి ఆపరేషను అయ్యాక మిషను ఆపేసింది. వచ్చే నెలలో అమ్మకు 70 ఏళ్లు నిండుతాయి. అన్నయ్య డాలస్ నుంచి వస్తున్నాడు. అమ్మకు నాలుగు బంగారు గాజులు చేయిస్తున్నాడు, బంధువులను పిలిచి భోజనాలు పెడదామంటున్నాడు. ఇంటి ఖర్చులు పోను నేను దాచుకున్నది 5,000 రూపాయలు. అమ్మకు ఏమిచ్చినా “ఎందుకమ్మా ఇవన్నీ” అంటుంది, బీరువాలో పెట్టేస్తుంది. నా మొదటి జీతంతో కొన్న మంగళగిరి చీర ఇప్పటికీ మడత విప్పలేదు. అప్పట్లో జాకెట్టు కుట్టుకునే తీరిక లేదనేది, ఇప్పుడు కళ్లు ఆనడం లేదంటోంది. మేం కొనిచ్చిన మిక్సీ అట్టపెట్టెలోనే ఉంది. పోనీ శ్రావణ శుక్రవారం మా ఇంటికి వచ్చినప్పుడు ఏదైనా పెడదామంటే, పేరంటాళ్లు వచ్చే వేళకు తనంతట తానే లోపలి గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. మా అత్తగారు గానీ మావారు గానీ ఒక్క మాట అనరు, అయినా అంతే. అన్నయ్య గాజుల పక్కన చిన్నబోకుండా, అమ్మ నిజంగా సంతోషించేలా నేను ఏమివ్వాలి? ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కూడా అమ్మమ్మకు ఏదో ఒకటి ఇస్తానంటోంది.
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరంలో కానుక గురించి అడిగిన మాటల కన్నా, మధ్యలో ఊరికే చెప్పి వెళ్లిన రెండు సంగతులు నన్ను ఎక్కువసేపు పట్టి నిలిపాయి. ఒకటి, జాకెట్టు కుట్టని ఆ మంగళగిరి చీర. రెండోది, శ్రావణ శుక్రవారం నాడు మీ అమ్మగారు వెళ్లి కూర్చునే లోపలి గది. మీకు కావలసిన సమాధానం ఆ రెండింటిలోనే ఉందని నా నమ్మకం. అయితే ముందు గాజుల సంగతి తేల్చుకుందాం. అది మనసులో మెదులుతున్నంతసేపు మీరు మరో దాని గురించి స్థిమితంగా ఆలోచించలేరు.

మన వైపు పెళ్లిళ్లలో చదివింపుల దగ్గర ఒక పెద్దాయన నోటుపుస్తకం పెట్టుకుని కూర్చునేవారు. ఫలానా వారు 116 రూపాయలు, ఫలానా వారు స్టీలు బిందె అని పైకి చదువుతూ రాసుకునేవారు. చాలా ఊళ్లలో ఇప్పటికీ రాస్తున్నారు. ఆ పుస్తకాన్ని నేను తప్పు పట్టను. పెళ్లి చేసే ఇంటికి ఆ రోజున డబ్బు కావాలి. నలుగురూ తలా కొంత వేస్తారు. రేపు వాళ్లింట్లో శుభకార్యం జరిగితే ఈ ఇంటివాళ్లు వెళ్లి అంతకు తగ్గకుండా చదివిస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేని కుటుంబాలు ఎన్నో అలా ఆడపిల్లల పెళ్లిళ్లు గట్టెక్కించాయి. కానీ ఆ పుస్తకం బంధుత్వాలకూ ఇరుగుపొరుగుకూ పనికొచ్చేది, కన్నతల్లి ముందు తెరిచేది కాదు. నాలుగు గాజులనూ 5,000 రూపాయలనూ ఒకే పేజీలో ఎదురెదురుగా రాసుకుంటే మీకు మిగిలేది దిగులే. మీ అన్నయ్యకు కూడా దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

గాజులను మాత్రం తక్కువ చేసి చూడకండి. పెన్షను అంటూ లేకుండా చేతి కష్టం మీద బతికిన మనిషికి బంగారం నగ కన్నా ముందు ధైర్యం. పైగా మీ అన్నయ్య దూరాన ఉన్నాడు. అమ్మకు జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేది, కరెంటు బిల్లు కట్టేది, ఆదివారం బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేది మీరు. ఆ పనులేవీ చేయలేని మనిషి తనకు చేతనైన పద్ధతిలో దగ్గర కావాలనుకుంటున్నాడు. అలా అర్థం చేసుకుంటే గాజుల మీద మీకు బెంగ ఉండదు. అన్నయ్యతో ఒక్క మాట మాత్రం ముందే మాట్లాడి ఉంచండి. గాజులు అమ్మ చేతికి వెళ్లాక అవి అమ్మవే. భద్రత పేరుతో వదిన లాకర్లోనో మీ లాకర్లోనో పెట్టవద్దు. రసీదు కూడా ఆమెకే ఇవ్వండి. వేసుకోవాలా, దాచుకోవాలా, అవసరం పడితే మార్చుకోవాలా అన్నది ఆమె ఇష్టం. పెద్దవాళ్లకు నలుగురి ముందు బంగారం పెట్టి, మర్నాడు “మా దగ్గర ఉంచుతాంలే” అని తీసుకుపోయే ఇళ్లను చూశాను. అది ఇచ్చినట్టు కానే కాదు.

ఇక మనుషులు ఎలాంటి కానుకలను మరిచిపోరు అన్నది చూద్దాం. మాటల సందర్భంలో నేను చాలామందిని ఈ ప్రశ్న అడుగుతుంటాను. ఖరీదైన వస్తువు పేరు చెప్పేవారు అరుదు.

మీ పటమటకు దగ్గర్లోనే, ఆటోనగర్‌లో, లారీల పని చేసే ఒక పెద్దాయన నాకు తెలుసు. చిన్నతనంలో చదువు మానేసి ఒక మేస్త్రి దగ్గర హెల్పరుగా చేరారు. హెల్పరు పని ఏమిటంటే, మేస్త్రి లారీ కింద పడుకుని చెయ్యి చాపి నంబరు చెబితే ఆ పానా అందించడం. పది-పదకొండు, పన్నెండు-పదమూడు, పదహారు-పదిహేడు. తప్పు పానా అందిస్తే తిట్లు. సొంతంగా నట్టు బిగించే హక్కు ఏళ్ల తరబడి ఉండదు. ఈయన పని నేర్చుకుని, అప్పు చేసి సొంత షెడ్డు వేసుకున్న రోజున మేస్త్రి వచ్చారు. కొబ్బరికాయ కొట్టాక, తాను వాడే పదహారు-పదిహేడు పానా తీసి ఈయన చేతిలో పెట్టి వెళ్లిపోయారు. దాని మీద అంకెలు అరిగిపోయి తడిమితే తప్ప తెలియవు. నోటి దగ్గర కాస్త వంపు తిరిగి ఉంటుంది. కొడుకు ఈ మధ్య మెరిసిపోయే కొత్త సెట్టు కొనిచ్చాడు. అది గోడకు వరసగా తగిలించి ఉంది, దాన్నీ వాడుతున్నారు. పాత పానా మాత్రం పళ్లెంలో అన్నిటికన్నా పైన ఉంటుంది. అది ఎందుకంత ఇష్టమని అడిగితే ఆయన చెప్పింది ఒకటే మాట: “ఆ రోజు నుంచి మా మేస్త్రి నన్ను ఒరేయ్ అనడం మానేశాడండీ.”

గుంటూరులో పదవీ విరమణ చేసిన ఒక నర్సు తన తలగడ గురించి చెప్పారు. రాత్రి డ్యూటీలో ఒక పత్తి రైతు భార్యతో మాట్లాడుతూ, మెడ నొప్పి వల్ల నిద్ర పట్టడం లేదని అన్నారట. కొన్ని నెలల తర్వాత ఆ దంపతులు తమ చేలో పండిన పత్తిని ఏకించి, దూదితో తలగడ కుట్టించి తెచ్చారు. తాను ఆ మాట అన్నట్టు ఆమెకే గుర్తు లేదు.

మరో ఇల్లాలికి ఆమె అత్తగారు ఇచ్చినది ఇత్తడి సోల. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను, నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. ఆ ఇంట్లో ఏటా ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు కొలిచేది ఆ సోలతోనే, కొలిచేది అత్తగారే. కోడలు ముక్కలు తుడవడం వరకే. ఒక ఏడాది మామిడికాయలు వచ్చిన రోజున అత్తగారు సోల తెచ్చి కోడలి ముందు పెట్టి, పీట వేసుకుని పక్కన కూర్చున్నారు. “నువ్వు కొలువు” అన్నారు. పెళ్లిలో పెట్టిన నెక్లెసు ఏమైందో ఆ కోడలు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. సోల గురించి మాత్రం చాలాసేపు చెప్పారు.

పానా, తలగడ, సోల మూడూ డబ్బు పరంగా చిన్నవే. పుచ్చుకున్నవాళ్లు అంతవరకు ఏదో ఒక గుమ్మం బయట ఉన్నారు. హెల్పరు పనివాళ్లలో ఒకడు కాడు, కోడలు వంటింటికి పెద్ద కాదు, నర్సుకు కూడా మెడ నొప్పి ఉంటుందని ఎవరూ అనుకోరు. కానుక ఇచ్చినవాళ్లు ఆ గుమ్మం ఇటు నుంచి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. మీ అమ్మగారికి ఏమివ్వాలో తెలియాలంటే ఆమెకు ఏమి ఇష్టమో వెతకకండి. ఇన్నేళ్లుగా ఆమెను ఏ గుమ్మం బయట నిలబెట్టామో చూడండి.

మీ వరండాను ఒకసారి తలచుకోండి. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆవిడా గుడ్డతో పాటు ఆది జాకెట్టు కూడా తెస్తుంది. తనకు సరిగ్గా సరిపోయే పాతది. మీ అమ్మగారు దాన్ని బల్ల మీద పరిచి, భుజం, చంక, చేతుల పొడవు, నడుము పట్టీ కొలిచి, సుద్దతో గీత గీసుకుని ఉంటారు. ఎవరికి ఏ భుజం కాస్త కిందికి జారి ఉంటుందో, కాన్పు తర్వాత ఎవరికి ఎంత వదులు చేయాలో ఆమెకు నోటికి వచ్చి ఉంటుంది. పండగ ముందు రోజుల్లో అందరివీ ముగించాక చివరగా తనది. అప్పటికి అర్ధరాత్రి. మర్నాడు పాతదే వేసుకుని ఉంటారు. మీ చీరకు జాకెట్టు కుట్టుకునే తీరిక లేదని ఆమె అన్నది సాకు కాదు, ఉన్నమాటే. ఊరందరి ఆదీ తీసుకున్న మనిషిని ఆది అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

మీరు అడగండి. నా సలహా ఇదే. వచ్చే ఆదివారం గుంటూరు వెళ్లి, ఆ మంగళగిరి చీర బీరువాలోంచి తీసి, “అమ్మా, నీ ఆది జాకెట్టు ఒకటి ఇవ్వు” అనండి. దాచిపెట్టి చివరి రోజున ఆశ్చర్యపరచాలని చూడకండి. ఈ విషయంలో అడగడమే సగం కానుక. ఏ జాకెట్టు ఇవ్వాలో ఆమె ఆలోచించుకోవాలి, నాలుగు తీసి చూసుకోవాలి, ఇది బిగుతు, ఇది వదులు అని చెప్పాలి. ఆ పావుగంటను ఆమెకు పోనివ్వకండి.

తర్వాతి పని శ్రద్ధగా చేయాలి, ఎందుకంటే మీరు ఇవ్వబోయేది ఒక దర్జీకి. చీర చివర ఉన్న జాకెట్టు గుడ్డను కత్తిరించాక ముందు నీళ్లలో తడిపి నీడలో ఆరబెట్టండి. చేనేత నూలు గుడ్డ మొదటి తడికి కాస్త ముడుచుకుంటుంది. కుట్టాక ముడుచుకుంటే బిగుతైపోతుంది. ఈ వయసులో చేతులు వెనక్కి తిరగవు కాబట్టి హుక్కులు ముందు వైపే ఉండాలి, చిన్నవి కాకుండా వేళ్లకు దొరికే సైజువి ఎంచుకోవాలి. చంక దగ్గర వదులు ఉండాలి. లోపల రెండు వైపులా అరంగుళం చొప్పున గుడ్డ వదిలిపెట్టమనండి, రేపు విప్పుకోవడానికి వీలుంటుంది. జాకెట్టు చేతికి రాగానే మీ అమ్మగారు పైన రంగు చూడరు, తిరగేసి లోపలి కుట్టు చూస్తారు. అందుకని తక్కువలో కుట్టేవారి కోసం తిరగకుండా, మీ బంధువుల్లో ఎవరైనా మెచ్చుకునే మంచి చేతికి ఇవ్వండి. చీరకు ఫాల్, పికో కూడా చేయించండి. ఇదంతా మీ 5,000 రూపాయల్లో బాగా మిగిలేలా అయిపోతుంది.

ఆ చీర గురించి కూడా ఒక మాట. గుంటూరుకూ విజయవాడకూ నడుమ ఉన్న మంగళగిరిలో, నేలలో గుంట తీసి దించిన మగ్గం మీద నేసే చీర అది. ఒంటి నిండా పువ్వులూ బొమ్మలూ లేకుండా, సాదా నేతకు జరీ అంచుతో హుందాగా ఉంటుంది. వాడేకొద్దీ మెత్తబడి ఒంటికి హాయిగా ఉంటుంది. ఇన్నేళ్లు మడతలో ఉంది కాబట్టి మడతల దగ్గర జరీ చిట్లిందేమో విప్పి చూడండి. చిట్లితే చెప్పుకోండి, దాచకండి. గుడ్డ తెలిసిన మనిషి దగ్గర గుడ్డ సంగతి దాగదు.

ఇప్పుడు రెండో సంగతి, లోపలి గది. ఇది రాస్తుంటే నాకు మనసు బాధగా ఉంది.

శ్రావణమాసంలో గుంటూరు వీధుల్లో సాయంత్రాలు మీకు తెలియనివి కావు. వరలక్ష్మీ వ్రతం చేసుకున్న ఇంట్లో నానబెట్టిన శనగలు, తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, జాకెట్టు ముక్క పళ్లెంలో సర్ది, “ఇస్తినమ్మ వాయనం” అంటే “పుచ్చుకుంటినమ్మ వాయనం” అని కొంగు పట్టి అందుకుంటారు. ఆడవాళ్లు ఒకరినొకరు గౌరవించుకోవడానికి మనం పెట్టుకున్న ఏర్పాట్లలో ఇంత అందమైనది మరొకటి లేదు. ఇచ్చినావిడ పుచ్చుకుంటుంది, పుచ్చుకున్నావిడ ఇస్తుంది. కలిగిన ఇల్లు, లేని ఇల్లు అనే తేడా ఆ పళ్లెం దగ్గర కాసేపైనా ఉండదు. ఆ జాకెట్టు ముక్కలే మర్నాడు మీ వరండాలోకి వచ్చేవి. మీ అమ్మగారి మిషను మీద శ్రావణమాసం పొడవునా నడిచినవి అవే. మీ నాన్నగారు పోయాక, వాటిలో ఒక్కటి కూడా ఆమెకు బొట్టు పెట్టి ఇచ్చింది కాదు.

మీ ఇంట్లో ఎవరూ ఏమీ అనరని రాశారు. నమ్ముతాను. లోపలికి వెళ్లమని ఎవరూ అనలేదు. ఇటు రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఎక్కడో, ఎప్పుడో, ఎవరి చూపులోనో ఆమెకు ఒకటి అర్థమైంది. ఇంకెవరికీ ఇబ్బంది కలగకూడదని తనంతట తానే లేచి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. మర్యాద తెలిసిన మనిషి చేసే పని అది. అందులో న్యాయం మాత్రం లేదు.

1881లోనే కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. మీ గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు అదే దారిలో నిలబడ్డారు. ఆడపిల్లల చదువు కోసం 1922లో అక్కడే శారదా నికేతనం స్థాపించారు. పెళ్లి అంత పెద్ద విషయంలో ఎదురు నిలిచిన మనుషులు తిరిగిన ఊరు అది. అలాంటి ఊరి ఆడబిడ్డ ఒక తాంబూలం దగ్గర ఇప్పటికీ తలుపు చాటున కూర్చోవడం ఏమిటి? భర్త బతికి ఉండడం ఆమె చేతిలో లేనిది. ఇద్దరు పిల్లలను మనుషులను చేయడం ఆమె చేతి పని. దేన్ని బట్టి గౌరవించాలో మనకు తెలియదా?

కాబట్టి మీ 5,000లో కొంత పెట్టి ఒక మంచి జాకెట్టు గుడ్డ కొనండి. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్టుకు వెళ్తే మీకు కావలసిన రంగులన్నీ దొరుకుతాయి. ముదురు రంగులు, బూడిద రంగులు వెతకవద్దు. పసుపో, చిలకాకుపచ్చో, ఆమె ఒకప్పుడు కట్టుకున్న రంగేదైనా మీకు గుర్తుంటే అదే తీసుకోండి. పుట్టినరోజు నాడు ఆ గుడ్డ, పళ్లు, పూలు, తాంబూలం పళ్లెంలో పెట్టి, నలుగురి ముందు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి అందించి కాళ్లకు దండం పెట్టండి.

ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, అమ్మ ఇష్టం. ముందుగా ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. బొట్టు పెట్టించుకోవడానికి, పూలు తీసుకోవడానికి ఆమెకు మనసు ఒప్పకపోవచ్చు. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు మన ఉత్సాహంతో ఒక్క రోజులో వదలదు. పూలు వద్దంటే పూలు తీసేయండి, బొట్టు వద్దంటే బలవంతం చేయకండి. గుడ్డా పళ్లూ చాలు. నలుగురి ముందు ఆమెను ఇరకాటంలో పెడితే, మనం సరిచేయాలనుకున్న తప్పునే ఇంకో రూపంలో చేసినవాళ్లం అవుతాం.

రెండోది, బంధువులు. గొణిగేవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్లతో వాదించడం మీ పని కాదు. మీ వైపున పెద్దరికం ఉన్న స్త్రీని ఒకరిని ముందే కలుపుకోండి. మీ నాన్నగారి అక్కచెల్లెళ్లు ఎవరైనా ఉంటే మరీ మంచిది. మేనత్త ముందుకు వచ్చి “వదినా, తీసుకో” అని మొదటి పళ్లెం అందిస్తే, ఆ తర్వాత నోరెత్తే సాహసం ఎవరూ చేయరు. మన ఇళ్లలో ఆచారాలను నిలబెట్టేది పెద్దావిడలే, వదిలించగలిగేదీ వాళ్లే. భోజనాలకు ఎవరిని పిలవాలన్న జాబితా అన్నయ్య రాస్తుంటే, కొత్తపేటలో అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకున్న పాత ఇరుగుపొరుగు వాళ్ల పేర్లు అందులో చేర్పించండి. దూరపు బంధువుల్లో పది మంది తగ్గినా నష్టం లేదు. ఆ ఆడవాళ్లకు మీ అమ్మగారు ఏమి చేశారో తెలుసు, ఆ రోజున వాళ్లే మాట్లాడతారు.

అసలైన కష్టం పుట్టినరోజు తర్వాత వస్తుంది. రాబోయే శ్రావణంలో మీ పటమట ఇంట్లో, మీ చేత్తో, పేరంటాళ్ల మధ్య కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టాలి. దీనికి డబ్బు పనికిరాదు. ముందు మీవారితో మాట్లాడండి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి మీ అత్తగారితో మాట్లాడండి. “మీరు ఒక్క మాట రమ్మంటే అమ్మ ఇవతలికి వస్తుందండీ” అని అడగండి. ఆవిడ ఇన్నాళ్లూ మౌనంగా ఉన్నది కాదనడానికో, ఏమనాలో తెలియకో మనకు తెలియదు. రెండోదే అయితే మీరు అడిగినందుకు ఆవిడ కూడా తేలికపడతారు. మొదటిదే అయితే, మీ అమ్మగారి పక్షాన ఇంట్లో ఒకరు మాట్లాడారన్న సంగతి మిగులుతుంది. పుట్టినరోజు నాడు గౌరవించి శ్రావణంలో మళ్లీ లోపలి గదికి పంపితే మాత్రం, ఇచ్చినది తిరిగి తీసుకున్నట్టే. ఇది చేయగలనన్న నమ్మకం మీకు కుదరకపోతే పళ్లెం సంగతి ఈ ఏడాదికి ఆపి, జాకెట్టు ఒక్కటే ఇవ్వండి. అది కూడా నిండైన కానుకే.

మిక్సీ గురించి బాధపడకండి. జీవితమంతా పొదుపు చేసిన చేతులు కొత్త వస్తువు అట్ట చించడానికి జంకుతాయి. పాతది పాడైతే వాడుకుందామని దాచి ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు మీరే పెట్టె విప్పి, అందులో పచ్చడి రుబ్బి, కడిగి గట్టు మీద పెట్టి రండి. పాతదాన్ని ఎక్కడ పెట్టాలో ఆమె చూసుకుంటారు.

మిగిలిన డబ్బు ఏదైనా ఉంటే ఆమె మిషనుకు ఖర్చు పెట్టండి. కుట్టడం మానేసినా దాన్ని అమ్మనివ్వలేదంటే ఆశ్చర్యపోను. బెల్టు మార్పించి, నూనె పోయించి, తుప్పు తుడిపించి, తిరిగేలా చేయించండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను, ఇది మీ అమ్మాయి ప్రశ్నకు సమాధానం.

ఆ పిల్ల కొనిచ్చేది ఏదైనా మీ డబ్బుతో కొన్నదే అవుతుంది. దాని బదులు అమ్మమ్మ దగ్గర పని నేర్చుకోమనండి. జాకెట్టు కుట్టడానికి ఇచ్చేటప్పుడు హుక్కులు మాత్రం కుట్టవద్దని దర్జీకి చెప్పండి. పుట్టినరోజుకు రెండు రోజుల ముందు మనవరాలు జాకెట్టు, హుక్కులు, సూది, దారం తీసుకుని కొత్తపేట వెళ్లాలి. అమ్మమ్మకు ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడం కష్టం, అది పిల్ల చేస్తుంది. హుక్కు ఎక్కడ పెట్టాలో, ఎన్నిసార్లు దారం తిప్పాలో, ముడి లోపలి వైపు ఎలా దాచాలో అమ్మమ్మ చెబుతారు. అది అయ్యాక సెలవుల్లో మిషను మీద తిన్నగా ఒక కుట్టు వేయడం నేర్పమని అడగాలి. రెండు జడల పిల్ల పక్కన కూర్చుని “అమ్మమ్మా, ఇది సరిగ్గా వచ్చిందా?” అంటే, కళ్లు ఆనకపోయినా ఆమె వేళ్లు తడిమి చెప్పగలవు.

ఇవన్నీ కుదరాలంటే రోజులు లెక్క చూసుకోవాలి. ముహూర్తాలు దగ్గర పడితే మంచి దర్జీలెవరూ కొత్త గుడ్డలు తీసుకోరు. గుడ్డ తడిపి ఆరబెట్టాలి, ఒకసారి వేసి చూసి సరిచేయించుకోవడానికి కూడా సమయం ఉండాలి. అందుకని ఈ వారంలోనే వెళ్లి ఆది తెచ్చుకోండి. ఆది జాకెట్టు మాత్రం పని కాగానే తిరిగి ఇచ్చేయండి. సరిగ్గా సరిపోయేవి ఆమె దగ్గర ఎక్కువ ఉండి ఉండవు.